ఆకాశం నుంచి దూకితే అన్వేషణ అవుతుందా?

తిరునాళ్లలో చెక్కలతో కట్టిన పెద్ద గుండ్రటి బావిలో మోటారు సైకిలు నడిపేవాళ్లను మీలో చాలామంది చూసే ఉంటారు. బండి గోడ మీద అడ్డంగా గిరగిరా తిరుగుతుంటే, పైన నిలబడి చూసే మన గుండెలు దడదడలాడతాయి. ఆ మనిషికి ధైర్యం ఉంది, నేర్పు ఉంది. ప్రాణాపాయమూ ఉంది. కాని బయటికి వచ్చాక "ఈయన గొప్ప అన్వేషకుడు" అని ఎవరూ అనరు. టిక్కెట్టు కొన్నాం, చూశాం, చప్పట్లు కొట్టాం, ఇంటికి వచ్చాం. అంతే.

ఇప్పుడు ఇంకో మనిషి సంగతి చూడండి. ఆస్ట్రియా దేశస్థుడు ఫెలిక్స్ బౌమ్‌గార్ట్‌నర్ 2012 అక్టోబరు 14న అమెరికాలోని రోస్వెల్ అనే ఊరి నుంచి బయలుదేరాడు. ఒక పెద్ద హీలియం బెలూన్ కింద వేలాడే చిన్న గదిలో కూర్చుని సుమారు రెండున్నర గంటల సేపు పైకి వెళ్లాడు. దాదాపు 39 కిలోమీటర్ల ఎత్తున తలుపు తెరుచుకుని కిందికి దూకాడు. పారాచూట్ తెరిచే లోపల 4 నిమిషాల 20 సెకన్ల పాటు రాయిలాగా పడ్డాడు. తరవాత క్షేమంగా నేల మీద కాళ్లు మోపాడు.

ఈ పనికి డబ్బు పెట్టింది రెడ్ బుల్ అనే పానీయాల కంపెనీ. ఆ గది మీద, ఆయన దుస్తుల మీద ఆ కంపెనీ పేరే. ఇంటర్నెట్‌లో సుమారు 80 లక్షల మంది ఒకే సమయంలో ఆ దృశ్యాన్ని చూశారు.

మరి ఇది తిరునాళ్ల బావి లాంటిదేనా? లేక ధ్రువ ప్రాంతాలకు వెళ్లినవాళ్ల ప్రయాణం లాంటిదా? మీ తరగతిలో ఈ ప్రశ్న వేస్తే రెండు జట్లు తయారవుతాయి. "అదంతా సీసాలు అమ్ముకోవడానికి వేసిన ఎత్తు" అంటారు కొందరు. "ఎవరూ వెళ్లని చోటికి వెళ్లాడు కదా, అన్వేషణ కాక మరేమిటి?" అంటారు మిగతావాళ్లు. రెండు జట్లూ కాస్త తొందరపడుతున్నట్టే. తీర్పు చెప్పే ముందు అసలు అంత ఎత్తున ఏముందో చూద్దాం.

అక్కడ గాలి ఎలా ఉంటుంది?

పైకి వెళ్లే కొద్దీ గాలి పలచబడుతుందని మీరు చదువుకున్నారు. 39 కిలోమీటర్ల ఎత్తున గాలి సాంద్రత ఇక్కడి దానిలో 250వ వంతు కూడా ఉండదు. పీడనం కూడా అలాగే పడిపోతుంది. దీనివల్ల ఒక వింత జరుగుతుంది. ప్రెషర్ కుక్కర్‌లో పీడనం పెరుగుతుంది కనుక నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడు దాటాకగాని మరగదు. అందుకే పప్పు త్వరగా ఉడుకుతుంది. పీడనం తగ్గితే ఇది తారుమారవుతుంది. నీరు తక్కువ వేడికే మరుగుతుంది. సుమారు 19 కిలోమీటర్ల ఎత్తున 37 డిగ్రీలకే మరుగుతుంది. 37 డిగ్రీలంటే మన ఒంటి వేడి!

అంటే అక్కడ రక్షణ లేకుండా నిలబడిన మనిషి నాలుక మీది తడి, కళ్ల మీది తడి ఆవిరైపోతాయి. కండరాల్లోని నీరు ఆవిరిగా మారి ఒళ్లు ఉబ్బుతుంది. కొన్ని సెకన్లలోనే స్పృహ తప్పుతుంది. కనుక లోపల గాలి నింపి, పీడనం నిలిపి ఉంచే దుస్తులు వేసుకోవాలి. ఆ దుస్తులకు చిన్న చిల్లి పడినా ప్రాణం మీదికి వస్తుంది.

ఇక పడే వేగం సంగతి. గురుత్వాకర్షణ వల్ల పడే వస్తువు వేగం సెకనుకు 9.8 మీటర్ల చొప్పున పెరుగుతుంది. గాలి అడ్డు లేదనుకుంటే 34 సెకన్లకు వేగం ఎంత అవుతుంది? 34ను 9.8తో గుణించండి. సెకనుకు 333 మీటర్లు. ఆ ఎత్తులో, ఆ చలిలో, ధ్వని వేగం సెకనుకు సుమారు 310 మీటర్లే. బౌమ్‌గార్ట్‌నర్ ధ్వని వేగాన్ని దాటింది సరిగ్గా ఆ సమయానికే, సుమారు 34 సెకన్లకు. విమానం లేదు, రాకెట్టు లేదు. ఒట్టి మనిషి!

50 సెకన్లకు లెక్క కట్టండి. సెకనుకు 490 మీటర్లు రావాలి. కాని ఆయన అందుకున్న అత్యధిక వేగం సెకనుకు 377 మీటర్లు, అంటే గంటకు 1,357 కిలోమీటర్లు. మిగతా వేగం ఏమైంది? కిందికి వచ్చే కొద్దీ గాలి చిక్కబడి అడ్డుపడింది. ఆ తరవాత ఆయన పడుతూనే ఉన్నాడు, కాని వేగం పెరగడానికి బదులు తగ్గుతూ వచ్చింది. నోటు పుస్తకంలో రెండు గుణకారాలు చేస్తే పైనున్న గాలి ఎక్కడ అడ్డు రావడం మొదలుపెట్టిందో మీకే తెలిసిపోయింది.

52 ఏళ్ల ముందే ఒకరు

బౌమ్‌గార్ట్‌నర్ పైకి వెళుతున్నప్పుడు నేల మీద నుంచి రేడియోలో ఆయనతో మాట్లాడుతూ ధైర్యం చెప్పినది 84 ఏళ్ల ముసలాయన. పేరు జోసెఫ్ కిట్టింజర్. ఆయన ఎందుకున్నాడక్కడ? ఇలాంటి గెంతే 1960లో ఆయన గెంతాడు కనుక.

ఆ రోజుల్లో జెట్ విమానాలు అంతకంతకూ ఎత్తుకు పోతున్నాయి. విమానం పాడైతే పైలట్ బయటికి దూకాలి. దూకగానే పెద్ద పారాచూట్ తెరిస్తే, ఆ చలిలో, ప్రాణవాయువు లేని చోట చాలాసేపు వేలాడుతూ ఉండాలి. తెరవకుండా కిందిదాకా పడదామంటే ఇంకో ప్రమాదం. పలచటి గాలిలో శరీరం బొంగరంలా తిరగడం మొదలుపెడుతుంది. బొమ్మలను పడేసి చూస్తే, అవి నిమిషానికి 200 చుట్ల దాకా తిరిగాయి. మనిషి అలా తిరిగితే బతకడు.

ఫ్రాన్సిస్ బోప్రే అనే నిపుణుడు ఒక ఉపాయం ఆలోచించాడు. ముందు చిన్న పారాచూట్ ఒకటి తెరుచుకుని శరీరాన్ని తిన్నగా నిలబెడుతుంది. గాలిపటానికి తోక కట్టినట్టన్నమాట. బాగా కిందికి వచ్చాక పెద్దది తెరుచుకుంటుంది. ఉపాయం బాగుంది. కాని నిజంగా పనిచేస్తుందా? అది తేల్చడానికి అమెరికా వైమానిక దళం పరీక్షలు మొదలుపెట్టింది. అందులో అధికారి అయిన కిట్టింజర్ తానే దూకుతానన్నాడు.

1959 నవంబరులో మొదటిసారి దూకినప్పుడు చిన్న పారాచూట్ తొందరపడి తెరుచుకుంది. దాని తాడు ఆయన మెడకు చుట్టుకుంది. ఆయన నిమిషానికి 120 చుట్లు తిరుగుతూ స్పృహ తప్పాడు. దానంతటదే తెరుచుకునే పారాచూట్ ఉండబట్టి బతికాడు. లోపం ఎక్కడుందో కనిపెట్టి సరిచేశారు. ఆయన మళ్లీ వెళ్లాడు. 1960 ఆగస్టు 16న మూడోసారి 31 కిలోమీటర్ల ఎత్తు నుంచి దూకాడు. ఈసారి పైకి వెళ్లే దారిలోనే కుడిచేతి తొడుగులో పీడనం పోయింది. పైన చెప్పుకున్నట్టే చెయ్యి ఉబ్బిపోయింది. ఆ సంగతి కింద ఉన్నవాళ్లకు చెబితే దిగిపొమ్మంటారని చాలాసేపు చెప్పలేదు. దూకాడు. చిన్న పారాచూట్ అనుకున్నట్టే పనిచేసింది. నేల మీదికి వచ్చిన కొన్ని గంటలకు చెయ్యి మామూలుగా అయింది.

ఆయన దాచిపెట్టడం సరైన పనేనా? నన్నడిగితే కాదంటాను. చేతికి బదులు ఛాతీ దగ్గర చిల్లి పడి ఉంటే మనం ఇప్పుడు వేరే కథ చెప్పుకునేవాళ్లం. కాని ఆయన పైకి వెళ్లింది మాత్రం ఒక ప్రశ్నతో. తెచ్చింది ఒక జవాబు. చిన్న పారాచూట్‌తో ముందు శరీరాన్ని నిలబెడితే అంత ఎత్తు నుంచి కూడా మనిషి బతికి రాగలడు.

తెగింపు ఒక్కటే ఉంటే?

1966లో నిక్ పియాంటనీడా అనే అమెరికన్ కూడా ఇదే రికార్డు కోసం ప్రయత్నించాడు. ఆయన సైన్యంలో లేడు. లారీ నడిపి బతికిన మనిషి. పట్టుదలతో దాతలను వెతుక్కుని డబ్బు, బెలూన్, దుస్తులు సంపాదించాడు. ఫిబ్రవరిలో 37 కిలోమీటర్లకు పైగా వెళ్లాడు. తీరా దూకబోయే సమయానికి ప్రాణవాయువు గొట్టం ఊడి రాలేదు. దూకకుండానే గదితో పాటు దిగవలసి వచ్చింది. మే 1న మళ్లీ బయలుదేరాడు. సుమారు 17 కిలోమీటర్ల ఎత్తున ఆయన దుస్తుల్లో పీడనం పోయింది. గదిని వెంటనే కిందికి దించారు. కాని మెదడు దెబ్బతింది. నాలుగు నెలలు ఆసుపత్రిలో ఉండి, స్పృహ రాకుండానే చనిపోయాడు.

ధైర్యంలో ఈయన కిట్టింజర్‌కు ఏమాత్రం తీసిపోడు. అయితే ఎంత ధైర్యం చూపాడన్న దాన్ని బట్టి అన్వేషణను కొలవలేమని ఈ కథ చెబుతోంది. అపాయం పెద్దదైనంత మాత్రాన పని పెద్దది కాదు.

డబ్బు ఎవరిస్తే ఏం?

"సరే, మరి కంపెనీ డబ్బు సంగతేమిటి? అది ఉంటే విజ్ఞానం ఉండదు కదా" అని మీరు అడగవచ్చు. దానికి జవాబు కోసం దక్షిణ ధ్రువానికి వెళ్లాలి.

1910లో బ్రిటన్ నుంచి కెప్టెన్ స్కాట్ నాయకత్వాన ఒక బృందం బయలుదేరింది. ప్రభుత్వం ఇచ్చిన డబ్బు చాలలేదు. వ్యాపార సంస్థలు సరుకులు ఇచ్చాయి. మీలాంటి బడి పిల్లలు కూడా చందాలు పోగుచేసి గుర్రాలకు, కుక్కలకు, స్లెడ్జి బళ్లకు, గుడారాలకు డబ్బు పంపారు. ధ్రువాన్ని ముందు చేరడమన్నది అప్పట్లో దేశాల మధ్య పందెం. ఆ పందెంలో స్కాట్ ఓడిపోయాడు. నార్వే దేశపు అముండ్‌సెన్ 1911 డిసెంబరు 14న చేరాడు. స్కాట్, ఆయన నలుగురు సహచరులు చేరింది 1912 జనవరి 17న.

తిరుగు దారిలో అయిదుగురూ చనిపోయారు. అయినా గమనించండి. ఆకలితో, మంచు పుళ్లతో బండిని లాక్కుంటూ వస్తున్న ఆ మనుషులు దారిలో ఆగి కొన్ని రాళ్లు ఏరుకున్నారు. బరువు తగ్గించుకోవడానికి వాటిని పారవెయ్యలేదు. కొన్ని నెలల తరవాత వెతుక్కుంటూ వెళ్లినవాళ్లకు గుడారంలో శవాలు, బయట బండి, దాని మీద సుమారు 16 కిలోల రాళ్లు కనిపించాయి.

ఆ రాళ్లలో గ్లోసోప్టెరిస్ అనే పురాతన వృక్షం ఆకుల శిలాజాలున్నాయి. ఈ ఆకు మనకు కొత్తది కాదు. మన గోదావరి లోయ బొగ్గు పొరల్లో, సింగరేణి ప్రాంతంలో, ఇవే ఆకుల గుర్తులు దొరుకుతాయి. ఆఫ్రికాలో, దక్షిణ అమెరికాలో, ఆస్ట్రేలియాలో కూడా దొరుకుతాయి. ఇప్పుడు చెట్టన్నది మొలవని మంచు ఖండంలోనూ దొరికిందంటే అర్థమేమిటి? ఒకప్పుడు అక్కడ అడవులుండేవి. ఈ భూభాగాలన్నీ ఒకటిగా కలిసి ఉండేవి. గోండ్వానా అని పిలిచే ఆ మహాఖండానికి ఆ రాళ్లు ఒక సాక్ష్యం.

ధ్రువం దగ్గర పాతిన జెండాల వల్ల పందెం ఎవరు గెలిచారో తెలిసింది. రాళ్ల వల్ల భూమి చరిత్ర తెలిసింది. డబ్బు రెండింటికీ ఒకటే. కనుక చందా ఎవరిచ్చారన్నది అసలు ప్రశ్న కాదు. దానితో ఏం తెచ్చారన్నదే ప్రశ్న.

మనిషే వెళ్లాలా?

ఇప్పుడు హైదరాబాదుకు రండి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్ వారి బెలూన్ కేంద్రం ఇక్కడ ఉంది. 2005 ఏప్రిల్ 20న ఇక్కడి నుంచి ఒక పెద్ద బెలూన్ లేచింది. అది 41 కిలోమీటర్ల ఎత్తు దాకా వెళ్లింది. అంటే ఏడేళ్ల తరవాత బౌమ్‌గార్ట్‌నర్ వెళ్లిన ఎత్తు కన్నా ఎక్కువే. దాని కింద మనిషి లేడు. శుభ్రంగా సూక్ష్మజీవులేవీ లేకుండా చేసిన 16 ఉక్కు గొట్టాలు ఉన్నాయి. 20 నుంచి 41 కిలోమీటర్ల మధ్య అవి వేర్వేరు ఎత్తుల్లో గాలిని పట్టుకుని, పారాచూట్ సాయంతో నేలకు దిగాయి.

ఆ గాలిని హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లోనూ, పుణేలోని మరో ప్రయోగశాలలోనూ పరీక్షించారు. అందులో బాక్టీరియా, శిలీంధ్రాలు కనిపించాయి. మూడు బాక్టీరియా జాతులు అంతవరకు ఎవరికీ తెలియనివి. 2009లో ఈ సంగతి ప్రకటించారు. వాటిలో ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుడి పేరు, మూడోదానికి ఫ్రెడ్ హాయిల్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడి పేరు పెట్టారు. అవి భూమి మీద నుంచి పైకి వెళ్లాయా, మరెక్కడి నుంచైనా వచ్చాయా అన్నది తేలలేదని ఆ శాస్త్రజ్ఞులే చెప్పారు.

ఆ రోజు ఎవరి గుండే దడదడలాడలేదు. చప్పట్లు కొట్టడానికి లక్షల మంది లేరు. అయినా అది నిఖార్సయిన అన్వేషణ. దీన్నిబట్టి ఒక సూత్రం కనిపిస్తుంది. ప్రశ్న గాలి గురించైతే గొట్టం వెళితే చాలు. ప్రశ్న మనిషి శరీరం గురించైతే మనిషి వెళ్లక తప్పదు.

ఇక తీర్పు

ఇప్పుడు మళ్లీ 2012కు వద్దాం. ఏ సాహసం గురించి విన్నా మూడు ప్రశ్నలు వేసుకోండి. వెళ్లే ముందు ఏ ప్రశ్నకు జవాబు కావాలనుకున్నారు? ఆ జవాబుకు మనిషి ప్రాణం ఒడ్డవలసిన అవసరం ఉందా? తెచ్చినదాన్ని ఇతరులు పరీక్షించి వాడుకునేలా అందరి ముందూ పెట్టారా?

బౌమ్‌గార్ట్‌నర్ గెంతులో చాలా భాగం ప్రదర్శనే. రికార్డు కోసం, ప్రకటన కోసం జరిగిందే. ఆ మాట ఒప్పుకోవాలి. కాని ఆ జట్టులో వైద్యుల బృందానికి జొనాథన్ క్లార్క్ అనే ఆయన నాయకుడు. అంతకుముందు నాసాలో వ్యోమగాములకు వైద్యుడు. ఆయన భార్య లారెల్ క్లార్క్ 2003 ఫిబ్రవరి 1న కొలంబియా నౌక ప్రమాదంలో మన కల్పనా చావ్లాతో పాటు చనిపోయిన ఏడుగురిలో ఒకరు. ఆ నౌక విరిగిన ఎత్తు, వేగం ఇంకా చాలా ఎక్కువ. ఇలాంటి దుస్తులుంటే వాళ్లు బతికేవారని ఎవరూ అనలేరు. కాని అంత పైన ఆపద వస్తే మనిషి ప్రాణంతో కిందికి రాగలడా అన్నది ఆయనకు ఒట్టి పాఠ్యపుస్తకంలో ప్రశ్న కాదు.

అందుకని ఆయన బృందం బౌమ్‌గార్ట్‌నర్ గుండె వేగాన్ని, శ్వాసను దారి పొడవునా నమోదు చేసింది. దుస్తుల్లో పీడనం పోతే వెంటనే ఏ చికిత్స చెయ్యాలో ముందే సిద్ధం చేసుకుంది. ధ్వని వేగాన్ని దాటేటప్పుడు మనిషి ఒంటికి ఏమవుతుందన్నది అంతవరకు ఊహే. మధ్యలో ఆయన కొంతసేపు బొంగరంలా తిరిగాడు కూడా. మళ్లీ నిలదొక్కుకున్నాడు. చిన్న పారాచూట్ సాయం లేకుండానే ఒళ్లు తట్టుకుందని తేలింది. ఆ పరీక్షల వివరాలు తరవాత వైద్య పత్రికల్లో అచ్చయ్యాయి.

కనుక నా తీర్పు ఇది. అది అన్వేషకుణ్ణి వెంటబెట్టుకుని వెళ్లిన ప్రదర్శన. వైద్యులు కొలిచినంత మేరకు అన్వేషణ. మిగతాదంతా తిరునాళ్ల బావి.

రికార్డు సంగతి ఏమైందో తెలుసా? రెండేళ్లకే పోయింది. 2014 అక్టోబరు 24న అలన్ యూస్టేస్ అనే కంప్యూటర్ ఇంజినీరు, ముందుగా పెద్ద ప్రచారం లేకుండా, 41 కిలోమీటర్ల పైనుంచి దూకాడు. ఆయన పేరు మీలో ఎందరు విన్నారు? బౌమ్‌గార్ట్‌నర్ 2025 జూలై 17న ఇటలీలో పారాగ్లైడింగ్ ప్రమాదంలో చనిపోయాడు. కిట్టింజర్ 2022లోనే కన్నుమూశాడు. మనుషులు పోతారు. రికార్డులూ పోతాయి. సరిగ్గా కొలిచి రాసి ఉంచిన కొలత మాత్రం తరవాత వచ్చేవాళ్లకు పనికివస్తుంది.

ఈసారి ఎవరైనా కొండ అంచున, రైలు తలుపు దగ్గర ప్రాణం పణంగా పెట్టి ఫోటో తీయించుకుంటే, పైనున్న మూడు ప్రశ్నలూ వేసి చూడండి. జవాబు మీకే దొరుకుతుంది. మీరు మాత్రం రోజూ ఒకే వేళకు మీ పెరట్లో ఉష్ణోగ్రత కొలిచి ఏడాది పొడవునా పుస్తకంలో రాయండి. కాళ్లు నేల మీదే ఉంటాయి. చూసేవాళ్లు ఎవరూ ఉండరు. అయినా ఆ పుస్తకం చివరి పేజీకి వచ్చేసరికి, మీ ఊరి గురించి అంతకుముందు ఎవరూ రాసి పెట్టని సంగతి ఒకటి మీ చేతిలో ఉంటుంది.